హాబీ గ్రూపులో రాజకీయ చర్చ గొడవ కాకుండా చూడటం ఎలా?

"మా గ్రూపులో రాజకీయాలు మాట్లాడనివ్వాలా, ఆపేయాలా?" ఫొటోగ్రఫీ, తోటపని, చెస్, పక్షుల పరిశీలన, బోర్డ్ గేమ్స్, ఏ ఆన్‌లైన్ హాబీ గ్రూపు నడిపేవాళ్లయినా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఎక్కువమంది అడిగేది గొడవ అయిపోయి, ఇద్దరు మంచి సభ్యులు వెళ్లిపోయాక. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా టైప్ చేసే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తా. రాజకీయం మాట్లాడుకోవడం వల్ల పాడైన గ్రూపులు నాకు తక్కువే కనిపించాయి. అడ్మిన్ తన వైపు వాళ్లని ఒకలా, అవతలి వాళ్లని ఇంకోలా చూడటం వల్ల పాడైనవే ఎక్కువ. కింద చెప్పే పద్ధతులు చాలావరకు ఈ ఒక్కటీ జరగకుండా చూడటానికే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కనీసం ఇద్దరు అడ్మిన్లు. ఇద్దరి రాజకీయ అభిప్రాయాలూ వేరైతే మరీ మంచిది. ఇద్దరూ రాత్రి పదింటికే పడుకునేవాళ్లు కాకుండా చూసుకోండి, గొడవలు ఎక్కువగా రేగేది ఆ తర్వాతే.
- అడ్మిన్లు మాత్రమే ఉండే చిన్న గ్రూపు ఒకటి.
- ఐదారు లైన్లకు మించని రూల్స్.
- ఎవరికి, ఎప్పుడు, దేనికి హెచ్చరిక ఇచ్చారో రాసుకునే ఒక నోట్. ఫోన్లో నోట్స్ యాప్ చాలు.
- మీ యాప్‌లో అడ్మిన్‌కి ఏ బటన్లున్నాయో తెలిసి ఉండటం. గొడవ మధ్యలో సెట్టింగ్స్ వెతుక్కుంటూ కూర్చోకూడదు.

1. ఏ పద్ధతి పాటిస్తారో ముందే తేల్చుకోండి

"రాజకీయాలు నిషేధం" అని ఒక్క లైన్ పెట్టేస్తే పోతుందనుకుంటారు. పోదు. 2022లో రష్యా యుక్రెయిన్ మీద దాడి చేశాక అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే రష్యా, బెలారుస్ జట్లను పోటీల నుంచి తప్పించింది, ఆటగాళ్లను మాత్రం విడిగా ఫిడే జెండా కింద ఆడనిచ్చింది. చెస్ గ్రూపులో ఈ సంగతి మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు? డ్రోన్ ఎగరేయడానికి పర్మిషన్లు, కెమెరా లెన్సుల మీద దిగుమతి పన్ను, అడవిలోకి పక్షుల్ని చూడటానికి వెళ్లడం మీద ఆంక్షలు, ఇవన్నీ రాజకీయాలే, హాబీకి సంబంధించినవే. పూర్తి నిషేధం పెడితే వీటిలో ఏది ఉంచాలి, ఏది తీయాలన్నది మీ ఇష్టాయిష్టాల మీద పడుతుంది. పక్షపాతం అన్న ఆరోపణ మొదలయ్యేది కూడా అక్కడే.

కాబట్టి ఎక్కువ గ్రూపులకి నేను చెప్పేది ఇది: హాబీకి నేరుగా సంబంధం ఉన్న రాజకీయం ఉండొచ్చు, పార్టీల ప్రచారం, నాయకుల మీద జోకులు, ఎన్నికల జోస్యాలు వద్దు. "ఈ పోస్టులోంచి మన హాబీని తీసేస్తే ఇంకా ఏమైనా మిగులుతుందా?" అని చూడండి. పోస్టు మొత్తం అలాగే మిగిలిందంటే అది ఇక్కడికి సంబంధించింది కాదు.

రాజకీయం మాట్లాడుకోకపోతే ఉండలేని గ్రూపైతే దానికో గది విడిగా ఇవ్వండి. బోర్డ్‌గేమ్‌గీక్ సైటు మతం, సెక్స్, రాజకీయాల కోసం చాలా ఏళ్లపాటు వేరే విభాగమే నడిపింది. టెలిగ్రామ్‌లో టాపిక్‌లు, డిస్కార్డ్‌లో ఛానెళ్లు, వాట్సాప్‌లో కమ్యూనిటీ కింద ఇంకో గ్రూపు, ఏదైనా సరే. ఒక జాగ్రత్త: ఆ గదిలోకి ఎవరినీ మీరు చేర్చొద్దు, కావాలనుకున్నవాళ్లే చేరాలి. అక్కడ కూడా రూల్స్ ఇవే. "అక్కడ ఏమైనా అనుకోండి" అని వదిలేస్తే అక్కడి కోపం రెండు రోజుల్లో మెయిన్ గ్రూపుకి వచ్చేస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, అడ్మిన్లే బహిరంగంగా ఒక వైఖరి తీసుకోవడం. అల్లికలవాళ్ల సైటు రావెల్రీ 2019 జూన్‌లో ట్రంప్‌కి, ఆయన ప్రభుత్వానికి మద్దతు తెలిపే పోస్టుల్ని నిషేధించింది, ఆయన్ని సమర్థించేవాళ్లు సభ్యులుగా ఉండొచ్చు కానీ ఆ మద్దతు అక్కడ చూపకూడదని చెప్పింది. అది వాళ్ల నిర్ణయం. మీరూ అలా చేయదలుచుకుంటే ఒక వర్గం వెళ్లిపోతుందని తెలిసే, పైకి చెప్పే చేయండి. "మాకు ఏ పక్షం లేదు" అంటూ చాటుగా ఒక వైపు కామెంట్లే తీసేసేవాళ్లకంటే వీళ్లు చాలా నయం.

2. రూల్స్ రాయండి, కానీ "మర్యాదగా ఉండండి" అని రాయకండి

మర్యాద తప్పానని ఎవరూ అనుకోరు, అవతలివాడే తప్పాడనుకుంటారు. వేలు పెట్టి చూపించగలిగేలా రాయండి. ఇవి తీసుకుని మీకు తగ్గట్టు మార్చుకోండి:

- ప్రభుత్వాన్ని, పార్టీని, చట్టాన్ని విమర్శించవచ్చు. ఎదుటి సభ్యుణ్ణి కాదు.
- సభ్యుల కులం, మతం, ప్రాంతం, కుటుంబం ఎత్తకూడదు.
- ఇతరులు ఏ పార్టీ వాళ్లో మీరు తేల్చకూడదు.
- ఒక వాదనలో ఒకరికి మూడు కామెంట్లు. ఆ తర్వాత పర్సనల్‌గా మాట్లాడుకోండి.
- ఫార్వర్డ్ చేసిన రాజకీయ వీడియోలు, ఫొటోలు వద్దు. చెప్పదలుచుకుంటే మీ మాటల్లో రాయండి.
- గ్రూపులో మాటల స్క్రీన్‌షాట్లు బయట పెట్టకూడదు.

వీటిలో బాగా పనిచేసేది మూడు కామెంట్ల రూలు. ఎవరు కరెక్టో తేల్చే పని మీకు తప్పుతుంది, లెక్కపెడితే చాలు. ఇక నిషేధిత పదాల పట్టిక తయారు చేయకండి, టైమ్ దండగ. ఒక పేరు నిషేధిస్తే మధ్యలో చుక్కలు పెట్టి రాస్తారు, అదొక ఆటైపోతుంది.

3. రూల్స్ చర్చ దగ్గరే కనిపించాలి

గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఉంటే ఎవరూ చదవరు. వేడెక్కుతుందని అనుమానం ఉన్న పోస్టు కింద మొదటి కామెంట్‌గా సంబంధిత రూలు ఒక్కటి మీరే పెట్టి, పిన్ చేసే వీలుంటే పిన్ చేయండి. రెడిట్ అనే చర్చల సైటులోని సైన్స్ విభాగంలో చర్చల పైభాగాన రూల్స్ పెట్టి చూసిన ఒక ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. కొత్తవాళ్లు రూల్స్ పాటించడం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. అంతకంటే ఆశ్చర్యం, కొత్తగా కామెంట్ పెట్టేవాళ్లు సగటున 70 శాతం పెరిగారు. రూల్స్ పెడితే జనం భయపడి మాట్లాడటం మానేస్తారని వెనకాడే అడ్మిన్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

4. మొదటి నాలుగైదు కామెంట్లు చూసుకోండి

ఓపిక ఉంటే అన్నిటికంటే ఈ స్టెప్ మీద పెట్టండి. ఫొటోగ్రఫీ గ్రూపులో ఇలాంటి పోస్టు వచ్చిందనుకోండి:

"డ్రోన్‌కి కొత్తగా పర్మిషన్లు అడుగుతున్నారట, ఎవరికైనా వివరాలు తెలుసా?"
"రిజిస్ట్రేషన్ తప్పనిసరి అట, బరువుని బట్టి మారుతుందంట."
"ఈ ప్రభుత్వానికి కెమెరా అంటే భయం, అందుకే ఇవన్నీ."
"ప్రతిదానికీ ప్రభుత్వాన్ని తిట్టడమేనా? మీలాంటి వాళ్ల వల్లే రూల్స్ పెట్టాల్సి వస్తోంది."
"మీలాంటి వాళ్లంటే ఎవరండీ? పేరు పెట్టి చెప్పండి చూద్దాం."

మూడో కామెంట్ చూడగానే చాలామంది అడ్మిన్లకి చెయ్యి డిలీట్ మీదకి పోతుంది. ఆగండి. అది ప్రభుత్వం మీద అభిప్రాయం, నచ్చినా నచ్చకపోయినా ఉండనివ్వాలి. నాలుగో దాంట్లో మొదటి వాక్యం కూడా ఫర్వాలేదు. రెండో వాక్యంలో "మీలాంటి వాళ్లు" దగ్గర మాట విషయం మీంచి మనిషి మీదకి వెళ్లింది. మీరు రావాల్సింది నాలుగుకీ ఐదుకీ మధ్యలో. ఐదోది వచ్చేసిందంటే అడిగినాయన పరువు కూడా పందెంలో పెట్టినట్టే, ఇక వెనక్కి తగ్గడు.

ఇలా మలుపు తిరిగే చోటు పట్టుకోవడం అలవాటైతే తేలికే. "మీ వాళ్లు", "మీ బ్యాచ్", "ముందు చదువుకుని రండి", "ఎంత ఇచ్చారేంటి?", "మేధావి గారూ" లాంటివి కనబడగానే వెళ్లండి. అప్పటిదాకా ఒకరినొకరు "మీరు" అనుకున్నవాళ్లు "నువ్వు"లోకి దిగారంటే ఇంక చాలా తక్కువ టైమ్ ఉంది.

ఇంత తొందర ఎందుకంటే, 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ యూనివర్సిటీల పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. మంచి మూడ్‌లో ఉండి, పైన మామూలు కామెంట్లు చూసినవాళ్లు రాసినవాటిలో 35 శాతం కించపరిచేవిగా తేలితే, చిరాకులో ఉండి, పైన కించపరిచే కామెంట్లే చూసినవాళ్లు రాసినవాటిలో 68 శాతం అలా తేలాయి. అంటే గ్రూపులో గొడవలు పెట్టేది ఎప్పుడూ ఆ నలుగురే అనుకోవద్దు, మామూలుగా మంచిగా ఉండేవాళ్లు కూడా పైన కనిపించినదాన్ని బట్టి మారిపోతారు.

5. అడ్మిన్ మెసేజ్ ఇలా రాయండి

అందరూ చేసే పని: "దయచేసి సభ్యులందరూ సంయమనం పాటించగలరు" అని పెట్టి రెండు నమస్కారాల బొమ్మలు జోడించడం. అది తనకే అని ఎవరూ అనుకోరు, పైగా ఏ తప్పూ చేయనివాళ్లు నొచ్చుకుంటారు.

దాని బదులు మూడు ముక్కలు చెప్పండి, ఏది ఓకే, ఏది కాదు, అసలు ప్రశ్న ఏంటి:

"డ్రోన్ రూల్స్‌ని ఎంత గట్టిగా విమర్శించినా, సమర్థించినా ఇబ్బంది లేదు. 'మీలాంటి వాళ్లు' దగ్గర ఆగుదాం. ఎంత బరువుకి ఏ రిజిస్ట్రేషనో ఇంకా ఎవరూ చెప్పలేదు, తెలిసినవాళ్లు రాయండి."

గ్రూపులో ఎవరి పేరూ ట్యాగ్ చేయకండి. అందరి ముందు పేరు పెట్టి అంటే తప్పు ఒప్పుకోవాల్సినవాళ్లు కూడా మొండికేస్తారు. అసలు మనిషికి పర్సనల్‌గా రాయండి:

"నమస్తే అండీ. డ్రోన్ పోస్టు కింద మీ కామెంట్ తీసేశాను. ప్రభుత్వం తరఫున మీరు చెప్పినదానికి ఇబ్బంది లేదు, 'మీలాంటి వాళ్ల వల్లే' అన్నది ఒక్కటే రూలు దాటింది. ఆ వాక్యం లేకుండా మళ్లీ పెట్టండి, ఉంచుతాను."

పదిలో తొమ్మిదిమంది ఇచ్చే జవాబు నాకు ముందే తెలుసు: "ముందు ఆయన్ని అనండి, నన్నే ఎందుకు?" దానికి వాదన పెట్టుకోవద్దు. "వాళ్లతో మాట్లాడాల్సింది ఉంటే విడిగా మాట్లాడతాను, ఇది మీ కామెంట్ గురించి" అని ఒక్క లైన్ రాసి ఆపండి. అవతలివాళ్లకి ఏం చెప్పారో వీళ్లకి చెప్పకండి, అది ఎలాగూ స్క్రీన్‌షాట్ అవుతుంది.

6. తీసేముందు పార్టీ పేర్లు తిరగేసి చదవండి

ఒక కామెంట్ తీయాలనిపించినప్పుడు, అందులో తిట్లు తిన్న పార్టీ స్థానంలో మీకు నచ్చని పార్టీ పేరు పెట్టి చదవండి. అప్పుడూ తీసేస్తారా? అయితే తీసేయండి. అప్పుడు నవ్వొచ్చిందంటే ముట్టుకోకుండా రెండో అడ్మిన్‌కి పంపండి.

అలాగే, ఏ చర్చలోనైనా మీ అభిప్రాయం ఒక్క కామెంట్ పెట్టినా సరే, ఆ పోస్టు వరకు మీరు మామూలు సభ్యులే. అక్కడ డిలీట్లు, హెచ్చరికలు ఇంకో అడ్మిన్ చూసుకోవాలి. ఒక్కరే అడ్మిన్ అయితే? అప్పుడు అభిప్రాయాలు చెప్పడం మానుకోవాల్సిందే, వేరే దారి లేదు. అడ్మిన్‌గా ఉండటానికి అదీ ఒక ఖరీదు.

7. చెప్పినా ఆగకపోతే

ముందు వేగం తగ్గించండి. టెలిగ్రామ్ స్లో మోడ్‌లో ఒక్కొక్కరు మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగేలా పెట్టొచ్చు, డిస్కార్డ్‌లో 6 గంటల దాకా. ఐదు నిమిషాల గ్యాప్ పెట్టి చూడండి, సగం గొడవలు అక్కడే చల్లారతాయి. కోపంలో రాసింది పంపేలోపు చాలామంది చెరిపేస్తారు.

వాట్సాప్‌లో స్లో మోడ్ లేదు, ఒక్క మనిషిని మాత్రమే కొంతసేపు మ్యూట్ చేసే వీలూ లేదు. ఉన్నది అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చడం, లేదంటే మెసేజ్ డిలీట్ చేయడం. డిలీట్ చేస్తే ఏ అడ్మిన్ తీశారో పేరు అక్కడ కనిపిస్తుంది, కాబట్టి చాటుగా తీసేద్దామన్న ఆలోచన పెట్టుకోకండి. ఫేస్‌బుక్ గ్రూపులో ఆ పోస్టుకి కామెంట్లు ఆపేయొచ్చు, కొత్త పోస్టులు మీ అనుమతి తర్వాతే కనిపించేలా పెట్టొచ్చు.

ఏది మూసినా ఎప్పుడు తెరుస్తారో అక్కడే రాయండి: "రేపు ఉదయం 9కి తెరుస్తాం." టైమ్ చెప్పకుండా మూస్తే రాత్రంతా పక్క గ్రూపుల్లో మీ గురించే చర్చ.

ఒక మనిషి విషయంలో అయితే మొదటిసారి పర్సనల్ మెసేజ్, రెండోసారి వారం పాటు మ్యూట్ (వాట్సాప్‌లో అయితే వారం తర్వాత మళ్లీ చేర్చుకుంటామని చెప్పి బయటకి పంపడం), మూడోసారి శాశ్వతంగా. బెదిరింపులు, ఎవరి ఫోన్ నంబరో అడ్రసో బయటపెట్టడం జరిగితే ఈ మెట్లేమీ లేవు, వెంటనే పంపేయండి, డిలీట్ చేసేముందు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పాత సభ్యుడు, మంచి ఫొటోలు తీస్తాడు, అందరికీ సాయం చేస్తాడు అని మినహాయింపు ఇవ్వాలనిపిస్తుంది. ఇచ్చారంటే తర్వాత ఎవరికి రూలు చెప్పినా "ఆయనకి ఎందుకు లేదు?" అంటారు, మీ దగ్గర జవాబుండదు.

8. ఫార్వర్డ్‌లకి వాదన పెట్టుకోకండి

ఒక మెసేజ్ ఐదుగురి చేతులు దాటి వచ్చిందంటే వాట్సాప్ దానిమీద రెండు బాణాల గుర్తు వేస్తుంది. మీ గ్రూపులో రెండు బాణాలున్న రాజకీయ మెసేజ్ ఏదైనా నిజమా అబద్ధమా చూడకుండా తీసేయొచ్చని రూలు పెట్టుకోండి. నిజానిజాలు తేల్చడం మొదలుపెడితే ఆ రోజంతా అదే పని, పైగా మీరు తేల్చింది సగంమంది నమ్మరు.

9. ఎన్నికలకి ముందే చెప్పి పెట్టండి

పోలింగ్‌కి వారం ముందు నుంచి ఫలితాల తర్వాత మూడు రోజుల దాకా ఏ రాజకీయ పోస్టూ వద్దు, హాబీకి సంబంధం ఉన్నా సరే, అని తేదీలతో సహా ముందుగానే ప్రకటించండి. ఎవరు గెలుస్తారో తెలియనప్పుడు పెట్టిన రూలుని ఎవరూ తప్పుపట్టరు. ఫలితాల రోజు మధ్యాహ్నం పెడితే మాత్రం ఓడినవాళ్ల కోసం పెట్టారంటారు.

మీరు అడ్మిన్ కాకపోతే

మీ చేతుల్లో ఉన్నది రెండే. ఒకటి, జవాబు రాసేముందు ఎదుటివాళ్లు చెప్పింది ఒక వాక్యంలో మీరే రాయండి, "అంటే పర్మిషన్ ఉండాలి కానీ ఇంత ఖరీదు ఉండకూడదు అంటున్నారు, అంతేనా?" అని. సగంసార్లు వాళ్లు అన్నది మీరు అనుకున్నది కాదని అక్కడే తెలుస్తుంది. రెండు, రూలు దాటిన కామెంట్ కనిపిస్తే దానికి రిప్లై ఇవ్వకుండా అడ్మిన్‌కి రిపోర్ట్ చేయండి. మీరు ఇచ్చే ఘాటైన జవాబు కూడా డిలీట్ లిస్టులోకే వెళ్తుంది. తర్వాత "మొదలెట్టింది వాడు" అంటే అడ్మిన్ ఏం చేయాలి?

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

వేడి చర్చ జరిగిన మర్నాడు చూడండి. వాదించుకున్న ఇద్దరిలో ఒకరు పెట్టిన ఫొటోకి ఇంకొకరు లైకో కామెంటో పెట్టారా? అంతకంటే మంచి గుర్తు లేదు.

నెలకోసారి మీ నోట్ తీసి, తీసేసిన కామెంట్లన్నీ వరసగా చదవండి. ఎక్కువ ఒక వైపువే ఉన్నాయా? అంతమాత్రాన మీరు పక్షపాతం చూపినట్టు కాదు, ఆ వైపు వాళ్లే ఎక్కువ నోరు పారేసుకుని ఉండొచ్చు. కానీ ఒక్కొక్కటీ పేర్లు తిరగేసి మళ్లీ చదివితే నిజం బయటపడుతుంది, రెండో అడ్మిన్‌తో కూడా చదివించండి.

"రెండు వైపులా నన్ను తిడుతున్నారు కాబట్టి సరిగ్గానే చేస్తున్నా" అని కొందరు అడ్మిన్లు నిశ్చింతగా ఉంటారు. నాకు ఆ లెక్క నచ్చదు. రోజుకో రూలు పెట్టినా రెండు వైపులా తిడతారు.

అలాగే తరచూ పోస్టులు పెట్టే ఒకరు ఒక చర్చ తర్వాత మౌనమైపోయారేమో గమనించండి. గొడవపడ్డవాళ్లు ఎక్కడికీ పోరు, చూస్తూ కూర్చున్నవాళ్లే చెప్పకుండా వెళ్లిపోతారు. "ఈమధ్య మీ ఫొటోలు కనిపించట్లేదు, అంతా బాగేనా?" అని ఒక మెసేజ్ పెట్టండి. కారణం మీరు అడగనక్కర్లేదు, వాళ్లే చెప్తారు.

ఇప్పటికే గొడవ జరిగిపోయి ఉంటే

గ్రూపు ఒక రాత్రి మూసేయండి. మొత్తం చర్చ డిలీట్ చేయకండి, పనికొచ్చే సమాచారం ఉంచి రూలు దాటినవి మాత్రం తీయండి, లేకపోతే "ఏదో దాచేశారు" అన్న పుకారు మొదలవుతుంది. ఎవరు తప్పు అన్నది ప్రకటించే పని పెట్టుకోవద్దు, క్షమాపణలు చెప్పించే పంచాయితీ అసలే వద్దు. ఏ రూలు ఇక నుంచి ఎలా అమలవుతుందో రెండు లైన్లు రాసి పిన్ చేయండి.

తెరిచాక మొదటి పోస్టు మీదే ఉండాలి, అది మీ హాబీ గురించి ఉండాలి, అందరూ తేలిగ్గా జవాబివ్వగలిగే ప్రశ్న ఏదైనా సరే. ఎవరో ఒకరు కింద "మరి నిన్నటి సంగతేంటి?" అని తప్పకుండా అడుగుతారు. "పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి, మాట్లాడదాం" అని రాసి, మిగతా కామెంట్లకి జవాబులిస్తూ పోండి.